ఎడమ కాలికి చుక్క

1967 జూలై 3, సోమవారం

మందుల కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆర్నెల్లుగా దీని మీద టీ గ్లాసు పెడుతున్నాను. ఇవాళ తెరిచానంటే కారణం ఒకటే. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మా ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చాడు. పేరు విజయభాస్కర్. మద్రాసులో చదివాడట, ఇంగ్లీషు పత్రికలు పోస్టులో తెప్పించుకుంటాడట. మేజోళ్ళ మీద చెప్పులు వేసుకునే మనిషి. నెల్లూరు ఎండలో మేజోళ్ళు! ఆ ఒక్కటి చూడగానే నాకు సంగతి అర్థమైంది.

వస్తూనే పిల్లల వార్డులోకి వచ్చాడు. గుండె జబ్బు పిల్లల దగ్గరికి వచ్చినవాడు గుండె చూడాలా వద్దా? చూడలేదు. ఒక్కో మంచం దగ్గరా ఆగి, దుప్పటి తీసి, పిల్లల పాదాలు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పూజ చేసుకుంటున్నాడనుకున్నాను.

"సిస్టర్, గుండె ఫోటో తీశాక పిల్లల కాలి నాడి ఎవరు చూస్తారు?" అని అడిగాడు.

"ఎందుకు చూడాలి సార్? ఫోటో తీసేది గుండెకు కదా" అన్నాను. పక్కనున్న కుర్ర నర్సు నవోమి కిసుక్కుమంది. ఆయన నవ్వలేదు.

"గొట్టం ఎక్కించేది తొడ మొదట్లో రక్తనాళంలోంచే కదా. చిన్నపిల్లల్లో ఆ నాళం ఎంతుంటుంది, అగ్గిపుల్లంత. గొట్టం తీశాక అక్కడ రక్తం గడ్డకట్టి పూడిపోతే ఇక కాలికి రక్తం ఎలా వెళుతుంది?"

ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. నాకు పాఠం చెబుతున్నాడు.

మా పెద్ద డాక్టరు హెబ్రోను గారు ఈ గుండె ఫోటోలు మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. తొడలో సూది గుచ్చి, సన్నటి గొట్టం గుండె దాకా పంపి, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫోటో చూసి ఎవరిని ఆపరేషనుకు మద్రాసు పంపాలో తేలుస్తారు. గొట్టం బయటికి లాగిన క్షణం నుంచి ఆ పిల్ల నాది. నా రెండు బొటనవేళ్ళూ ఆ చోట పెట్టి, గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు నొక్కుతాను. ఆ తర్వాత ఇసుక సంచి పెడతాను. అది నేను స్వయంగా కుట్టిన ఖాకీ సంచి, మైపాడు సముద్రపు ఇసుక, రెండు వీశెల బరువు. నాలుగేళ్ళలో నా చేతి కింద నలభై ఒక్క మంది పిల్లలు. ఒక్క బొట్టు కారలేదు. దుప్పటి తెల్లగా పరిచింది తెల్లగానే తీశాం. "మన సిస్టర్ సామ్రాజ్యం నొక్కితే రక్తం కూడా క్రమశిక్షణలో ఉంటుంది" అని హెబ్రోను గారు బిషప్పు గారి ముందే అన్నారు.

ఈ పాదాల డాక్టరు నాకు చెప్పొచ్చాడు.

జూలై 4

ఇవాళ కూడా పాదాలే.

జూలై 10

నాలుగైదు రోజులుగా కొత్త వేషం. కాపీయింగ్ పెన్సిలు ఒకటి తెచ్చాడు. దాని ముల్లు తడిపి, ప్రతి పిల్ల పాదం మీదా నాడి తగిలేచోట ఊదారంగు చుక్క పెడుతున్నాడు. గంటగంటకీ వెతుక్కోకుండా తిన్నగా అక్కడే వేలు పెట్టవచ్చునట. నర్సులందరి జేబులోనూ తలా ఒక పెన్సిలు ఉండాలట. నా జేబులోనూ ఒకటి పడేశాడు.

తల్లులకు మాత్రం పరమానందం. అరికాలికి పెట్టాల్సిన దిష్టి చుక్క డాక్టరు గారు పైన పెట్టాడనుకుంటున్నారు. పోయిన వారం ఇంటికి వెళ్ళిన పిల్ల ఇవాళ చూపించుకోవడానికి వస్తే, చుక్క అలాగే నిగనిగలాడుతోంది. వాళ్ళమ్మ రోజూ స్నానం చేయించి కాటుకతో దిద్దుతోందట. డాక్టరు ఎంత మురిసిపోయాడో! తన సైన్సు ఊళ్ళోకి వెళ్ళిందని. వెళ్ళింది, కాటుక భరిణలోకి.

జూలై 14

హెపారిన్ అని ఒక మందు. రక్తం గడ్డకట్టనివ్వదట. గొట్టం లోపలికి వెళ్ళగానే అది ఎక్కిస్తే నాళం పూడదని ఈయన నమ్మకం. "రక్తం కారితే ఎవరు జవాబుదారీ?" అన్నారు హెబ్రోను గారు. "కొంతమందికి ఇచ్చి, కొంతమందికి ఇవ్వకుండా చూద్దాం సార్" అని ఈయన. పిల్లలు ఏమైనా వంగ మొక్కలా, ఈ వరుసకు ఎరువు వేసి ఆ వరుసకు మానడానికి!

ఎవరికి ఇవ్వాలో చీటీ తీస్తారట. దానికి పెట్టె కావాలన్నాడు. మందిరంలో కొత్త సంవత్సరం ఆరాధనకు వాగ్దానపు చీటీలు తీసే చెక్కపెట్టె ఉంది కదా, అది పట్టుకొచ్చి ఇచ్చింది మన నవోమి. దేవుని వాగ్దానాలు ఉండే పెట్టెలో ఇప్పుడు సగం 'హెపారిన్', సగం 'ఉప్పునీళ్ళు'. కాంపౌండరు, పేరు సమాధానం, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి మరీ చీటీ తీసి సిరంజి నింపుతాడు. అందులో ఏముందో ఇంకెవరికీ తెలియకూడదు. సమాధానం రహస్యం దాచడం! ఒక బిస్కెట్టు ఇస్తే వాడి పెళ్ళి చూపుల సంగతులు కూడా చెబుతాడు.

జూలై 19

మొదటి చీటీ పిల్ల. వెంకటాచలం ఊరి నుంచి వచ్చారు, నాలుగేళ్ళ పిల్ల. నేనే నొక్కాను. ఈ మందుతో రక్తం కారుతుందని భయపెట్టారు కాబట్టి ఇరవై కాదు, ముప్పై నిమిషాలు నొక్కాను. బొట్టు లేదు.

పాదం చల్లబడింది. చుక్క మీద నాడి లేదు. పాదాల డాక్టరు అన్నం మానేసి ఆ కాలి దగ్గరే కూర్చున్నాడు. సాయంత్రానికి సన్నగా తగిలిందట. సిరంజిలో ఉన్నది హెపారినే. (బిస్కెట్లు రెండు.) ఇదీ ఆయన గారి మందు గొప్ప.

ఆగస్టు 16

కావలిలో చెల్లెలు ఎలిశబెతు కాన్పుకు వెళ్ళి పన్నెండు రోజులుండి వచ్చాను. మగపిల్లవాడు. వాళ్ళ నాన్న ముక్కే, పాపం.

వచ్చేసరికి వార్డు సంత అయిపోయింది. నేను లేనప్పుడు ముగ్గురు పిల్లలకు ఫోటోలు తీశారు. నొక్కింది నవోమి. దాని చేతుల్లో బలమెక్కడిది, అల్లం నూరమంటేనే ఆయాసపడుతుంది. ఇసుక సంచి బరువుగా ఉందని పక్కన పెట్టేసిందట. మూడు దుప్పట్ల మీదా రక్తం. చాకలి గంగులయ్య నన్ను చూడగానే "సిస్టరమ్మా, నువ్వు లేకపోతే మా ప్రాణాలు పోతా ఉండాయి" అన్నాడు.

నవోమిని పిలిచి అరగంట తిట్టాను. అది తల వంచుకుని "కానీ అక్కా, ముగ్గురి పాదాలూ వెచ్చగానే ఉన్నాయక్కా" అంది.

అదృష్టం. కొందరికి పని రాకపోయినా అదృష్టం ఉంటుంది.

ఆగస్టు 21

ఇప్పుడు పాత పిల్లల మీద పడ్డాడు. నాలుగేళ్ళుగా ఫోటో తీసిన నలభై ఒక్క మందికీ కార్డులు రాసి పిలిపిస్తాడట. కాళ్ళు చూస్తాడట, కొలుస్తాడట. నాళం పూడిన కాలు మిగతా కాలితో సమానంగా ఎదగదని పత్రికలో చదివాడట. ఎదిగే వయసులోనే తెలిస్తే ఏదైనా చేయవచ్చట, ముదిరాక ఎవరూ ఏమీ చేయలేరట.

రిజిస్టరు నాది, దస్తూరీ నాది, కాబట్టి కార్డులు రాసే పని నాకే. రాశాను. ముత్యాల్లా రాశాను. నలభై పోస్టు చేశాను.

జువ్వలదిన్నె పెంచలమ్మ కార్డు ఒక్కటి పోస్టు చేయలేదు. సముద్రపు ఒడ్డు ఊరు, అక్కడికి పోస్టు సరిగా పోదు.

ఆగస్టు 22

ఆ పిల్ల తల్లి పోలేరమ్మ ఉత్త నోటి మనిషి. చేపలమ్మే గొంతు. 1964లో ఫోటో తీసిన సాయంత్రమే వార్డు అదిరేలా అరిచింది, "అమ్మా, బిడ్డ కాలు చల్లంగా ఉండాది, ఎడమ కాలు చల్లంగా ఉండాది" అని. వేడినీళ్ళ సీసా పెట్టుకోమన్నాను. పెట్టింది. పిల్లను మద్రాసు పంపారు, గుండె బాగైంది. ఇంకేం కావాలి. అలాంటి మనిషి వస్తే ఉన్నవీ లేనివీ పెట్టి రాద్ధాంతం చేస్తుంది. అయినా జువ్వలదిన్నెకు పోస్టు సరిగా పోదు.

సెప్టెంబరు 18

నెల రోజులుగా వస్తూనే ఉన్నారు. ఇరవై ఆరుగురు వచ్చారు. పాదాల డాక్టరు దర్జీ టేపు ఒకటి మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. జాకెట్లు కుడతాడేమోనని అడగబోయి ఊరుకున్నాను.

ఐదుగురికి ఒక పాదంలో నాడి లేదట. అందులో ఇద్దరికి ఆ కాలు, వేలెడంత కాకపోయినా, పొట్టిగా ఉందట. పోలియో అయ్యుంటుంది అన్నాను. "ఐదుగురికీ, సూది గుచ్చిన కాలికేనా సిస్టర్?" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. అలా నెమ్మదిగా మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

సెప్టెంబరు 29

లెక్క తేలింది. చీటీ తీసిన పిల్లలు పదకొండు మంది. మందు పడ్డ ఐదుగురిలో ఇద్దరి పాదం చల్లబడింది. ఉప్పునీళ్ళు పడ్డ ఆరుగురిలో ఇద్దరి పాదం చల్లబడింది. మందు వేసినా అంతే, వేయకపోయినా అంతే. హెబ్రోను గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. పాదాల డాక్టరు మొహం చూడాలి! "అయితే నా ఆలోచన తప్పు సార్. మందు ఆపేస్తాను. ఆ పెట్టె మందిరంలో ఇచ్చేయండి సిస్టర్" అన్నాడు.

నేను ముందే చెప్పాను. నేను మొదటి రోజే చెప్పాను.

ఆ కాగితంలో గొట్టం తీశాక ఎవరు నొక్కారో ఒక వరుస ఉంది. ఆయన అది చూడలేదు. ఆ వరుస రాసేది నేనే. చల్లబడిన నలుగురి పక్కనా సామ్రాజ్యం అని ఉంది. నవోమి అని ఉన్న ముగ్గురి పక్కనా మందు పడ్డా, ఉప్పునీళ్ళు పడ్డా, వెచ్చన అని ఉంది.

ఎనిమిది మందికి నేను నొక్కాను కాబట్టి నా పేరే ఎక్కువ సార్లు ఉంటుంది. అంతే.

సెప్టెంబరు 30

అంతే.

అక్టోబరు 1, ఆదివారం

మందిరం నుంచి వచ్చాక తలుపు వేసుకున్నాను. ఇసుక సంచి వార్డు నుంచి తెచ్చి ఉంచుకున్నాను, కుట్లు ఊడాయని చెప్పి. ఊడలేదు. వానలకు సముద్రపు ఇసుక చెమ్మ పట్టి రెండు వీశెలది ఇంకా బరువెక్కింది. నా చెయ్యి మందం అయిదేళ్ళ పిల్ల తొడంత ఉంటుంది. నేల మీద పడుకుని, ఎడమ మోచేతి మడతలో సంచి పెట్టుకున్నాను. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకున్నాను.

నాడి పోయింది. అంత వెంటనే పోతుందనుకోలేదు. సంచి సరిగా పెట్టలేదేమోనని మళ్ళీ పెట్టాను. మళ్ళీ పోయింది. సంచి తీసి, బొటనవేలితో నేను నొక్కినట్టే నొక్కి, నోట్లో గడియారం గొలుసు పట్టుకుని చూశాను. ఇరవై నిమిషాలు ఆగలేకపోయాను. ఎనిమిది నిమిషాలకే వేళ్ళు పీనుగు వేళ్ళలా అయ్యాయి, వదిలేశాను. నలభై ఎనిమిదేళ్ళ మోటు చెయ్యి ఇది. దీని నాళం అగ్గిపుల్లంత కాదు.

నా తెల్ల దుప్పట్లు. బిషప్పు గారికి చూపించిన నా తెల్ల దుప్పట్లు. కింద నాళం మూసుకుపోయేలా పిసికితే రక్తం ఎక్కడి నుంచి కారుతుంది! కొళాయి కట్టేసి, నేల తడవలేదని మురిసిపోయిన దాన్ని. ఇంత తెలివితక్కువ మనిషిని నేను ఇంకెక్కడైనా చూసి ఉంటే ఏడాది పాటు ఎగతాళి చేసేదాన్ని.

అక్టోబరు 2

సెలవు. ఏమీ రాయను.

అక్టోబరు 7, శనివారం

బిట్రగుంట దాకా ప్యాసింజరు, అక్కడి నుంచి జట్కా, ఆఖరి మైలు ఇసుకలో నడక. నా బూట్ల నిండా జువ్వలదిన్నె.

పోలేరమ్మ ఒడ్డున నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. నన్ను చూసి చేతిలో తట్ట కింద పడేసింది.

"దేవుడా, సిస్టరమ్మా! నువ్వెట్టా వచ్చినావమ్మా మా ఊరికి?" అని, నా జవాబు వినకుండానే పక్కనున్న ఆడవాళ్ళను పిలిచింది. "ఇదో, నేను చెప్తా ఉంటానే, ఈమెనే. నా బిడ్డకి తొడలో గుచ్చితే ఒక్క బొట్టు నెత్తురు కారనీయలా. చేతులు ఈడ్చుకపోయినా ఇడవలా. కన్నతల్లి కూడా అట్టా పట్టుకోదు."

ఆడవాళ్ళంతా నా చేతుల వైపు చూశారు. నేను వాటిని చీర కింద పెట్టుకున్నాను. ఈమెను నేను నోటి మనిషి అని రాశాను. నా గురించి ఊరంతా చెప్పుకుంటోందని నాకేం తెలుసు.

"పిల్ల బాగుందా?" అన్నాను.

"గుండె రాయి మాదిరి ఉండాదమ్మా. అంతా బాగుండాది. ఒక్క సోమరితనమే పట్టుకుంది దాన్ని. చూడు, నువ్వే చూడు."

పెంచలమ్మకు ఇప్పుడు ఏడేళ్ళు. చిన్న తట్ట నెత్తిన పెట్టుకుని ఒడ్డు నుంచి ఇంటి వైపు వెళుతోంది. నలభై అడుగులు వేసి ఉంటుంది. తట్ట దించి కూర్చుంది. ఎడమ పిక్క పట్టుకుంది. కాసేపటికి లేచింది. మళ్ళీ నలభై అడుగులు. మళ్ళీ కూర్చుంది.

"చూసినావా? నొప్పంట. నడిస్తే వస్తాదంట, కూర్చుంటే పోతాదంట. ఇదేం నొప్పమ్మా, పని కాడ వచ్చి పని ఇడిస్తే పొయ్యేది? ఎన్ని దెబ్బలు తిన్నా దానికి బుద్ధి రాలా" అంటూ పోలేరమ్మ విసవిసా వెళ్ళి పిల్ల వీపు మీద ఒకటి వేసింది. ఆ పిల్ల ఏడవను కూడా లేదు. అలవాటైన దెబ్బ.

ఆ నొప్పి ఏమిటో నాకు తెలుసు. నర్సు చదువులో ఉంది. పొగతాగే ముసలివాళ్ళకు వస్తుంది, కాలికి రక్తం చాలక. ఏడేళ్ళ పిల్లకు రాదు. ఎవరైనా తెప్పిస్తే తప్ప.

పిల్లను తిరగేసిన పడవ మీద కూర్చోబెట్టి పాదాలు చూశాను. కుడి పాదంలో నాడి వెంటనే తగిలింది. చేతిసంచిలో ఆ ఊదా పెన్సిలు ఉంది. ఏదో ఒకటి చేయాలని చుక్క పెట్టాను. ఎడమ పాదం మీద వేలు పెట్టాను. జరిపాను. మడమ వెనక చూశాను. మోకాలి వెనక చూశాను. చుక్క పెట్టడానికి చోటు దొరకలేదు.

"ఆ కాలికి పెట్టవా అమ్మా?" అంది పోలేరమ్మ.

"దానికి అక్కర్లేదు" అన్నాను.

చెప్పాలనే వెళ్ళాను. రైల్లో మాటలు కూడబలుక్కున్నాను. తీరా ఆ మనిషి వేయించిన చేపలు, అన్నం పెట్టేసరికి నోరు రాలేదు. డాక్టరు గారు ఊరికే ఒకసారి చూస్తారంట, తీసుకురమ్మని చెప్పి, ఏడు వారాలుగా ఈ డైరీలో ఉన్న కార్డు ఆమె చేతికిచ్చాను. చదువు రాదు కాబట్టి తేదీ చూడలేదు. భద్రంగా పూరికప్పులో దోపుకుంది.

ధైర్యం అంతా డైరీలోనే.

అక్టోబరు 9

విజయభాస్కర్ గారికి చెప్పాను. ఆ వరుస చూపించాను, మోచేతి సంగతి చెప్పాను, పోస్టు చేయని కార్డు సంగతి చెప్పాను. తిడతాడని వెళ్ళాను. తిట్టలేదు. కాగితం ముందేసుకుని ఆ వరుస మీద వేలు పెట్టి పైనుంచి కింది దాకా చదివాడు.

"నొక్కేది ఎవరో కూడా చూడాలని నాకు తట్టలేదు సిస్టర్. మందు లోపల పని చేస్తుంటే పైన మనం మూసేస్తున్నామన్నమాట" అన్నాడు. తరువాత, "సంచి వద్దు. నొక్కండి, కానీ మీ వేళ్ళ కింద నాడి కొట్టుకుంటూనే ఉండాలి. ఇంకొకరి వేలు పాదం చుక్క మీద ఉండాలి. అక్కడ ఆగిందంటే మీరు పట్టు సడలించాలి. కాస్త రక్తం కారితే కారనీయండి. చీటీలు మళ్ళీ మొదటి నుంచి వేద్దాం" అన్నాడు. ఆ పెట్టె ఇంకా మందిరంలో ఇవ్వలేదని చెప్పాను.

ఇద్దరం హెబ్రోను గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన తలుపు వేయమన్నారు. "ఇంతమంది పిల్లల కాళ్ళు మన నెత్తిన వేసుకుందామా సామ్రాజ్యం? రిజిస్టరులో రక్తస్రావం లేదు అని ఉంది. అది అబద్ధం కాదు కదా. అంతవరకు చాలు" అన్నారు. చాలా దయగా అన్నారు. నాలుగేళ్ళు నేను ఎగబడింది ఈయన మెప్పు కోసం.

అక్టోబరు 12

రెండేళ్ళ పిల్ల. సమాధానం చీటీ తీశాడు. బిస్కెట్టు ఇవ్వలేదు, అడగలేదు.

నేను నొక్కాను. నవోమి పాదం పట్టుకుంది. "పోతోందక్కా" అన్నప్పుడల్లా సడలించాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసు మనిషి అల్లం నూరలేని పిల్ల మాట మీద చేతులు కదిపింది. నా వేళ్ళ కింద ఆ నాడి పిచ్చుక గుండెలా కొట్టుకుంటూనే ఉంది. ఇన్నాళ్ళూ నేను దాన్ని ఎప్పుడూ వినలేదు. వినబడకుండా చేయడమే పనితనం అనుకున్నాను.

దుప్పటి మీద అరచెయ్యంత రక్తం. నవోమి ఏదో అనబోయింది. నోరు మూసుకోమన్నాను. పాదం వెచ్చగా ఉంది. గంగులయ్య దుప్పటి చూసి నన్ను చూసి, మూట కట్టుకుపోయాడు.

అక్టోబరు 19, గురువారం

పోలేరమ్మ వచ్చింది. కార్డు చేత పట్టుకుని, పిల్లను చంకనెత్తుకుని. స్టేషను నుంచి నడుస్తూ పిల్ల దోవ పొడుగునా కూలబడిందట, కొట్టి కొట్టి విసిగి ఎత్తుకొచ్చిందట.

విజయభాస్కర్ గారు పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి పాదాలు చూశారు. రెండు పాదాల మీదా చుక్కలున్నాయి. కుడి పాదానిది నా పెన్సిలు చుక్క, కాటుకతో దిద్దింది. ఎడమ పాదం మీద సరిగ్గా అదేచోట, అంతే గుండ్రంగా, నల్లగా ఇంకొకటి. ఆయన మొహం వెలిగింది. దాని మీద వేలు పెట్టారు. కాసేపు అలాగే ఉంచారు. వేలు జరిపారు. నా వైపు చూశారు.

"ఈ చుక్క ఎవరు పెట్టారమ్మా?"

"నేనేనయ్యా. సిస్టరమ్మ ఒక కాలికే పెట్టి మర్చిపోయింది. ఒక కాలికి పెట్టి ఒక కాలికి పెట్టకపోతే బిడ్డకి మంచిది కాదు గదా. ఆమె పెట్టినట్టే దిద్దినా."

అప్పుడు చెప్పాను. మాటలు కూడబలుక్కోలేదు. ఆ కాల్లో నాడి లేదమ్మా, అందుకే చుక్క పెట్టలేదు అన్నాను. నడిస్తే నొప్పి రావడం నిజం, కూర్చుంటే పోవడం నిజం, అది సోమరితనం కాదు అన్నాను. ఆ రోజు నేను అతిగా నొక్కాను, రక్తం వెళ్ళే దారి పూడిపోయింది, కాలు చల్లగా ఉందని నువ్వు అరిచినప్పుడు నువ్వే సరి, నేను వినలేదు అన్నాను. టేపుతో కొలిస్తే ఎడమ కాలు అర అంగుళం తక్కువ ఉంది. ఎదిగే వయసే కాబట్టి రాయవేలూరు ఆసుపత్రికి పంపి చూపిద్దామని, ఏమవుతుందో తాను మాటివ్వలేనని విజయభాస్కర్ గారు చెప్పారు.

వార్డు అదిరేలా అరుస్తుందనుకున్నాను. అరవాలని కోరుకున్నాను. పోలేరమ్మ గొంతు అసలు లేవలేదు. పిల్ల గడ్డం పట్టుకుని, "నిజంగానే నొప్పి పుట్టేదా అమ్మణ్ణీ?" అని అడిగింది.

"చెప్తానే ఉన్నా గదమ్మా" అంది ఆ పిల్ల.

పోలేరమ్మ ఎడమ పాదాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని, వెచ్చబెట్టాలన్నట్టు రుద్దుతూ కూర్చుంది. తరువాత నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు మా ఊరికి వచ్చినావు గదా. అప్పుడన్నా చెప్పుంటే, ఈ పన్నెండు దినాల దెబ్బలన్నా తప్పేయి గదమ్మా."

 

వాళ్ళకు వార్డులో మంచం ఇప్పించి వచ్చి, రిజిస్టరు తీశాను. 1964 మార్చి 11. పెంచలమ్మ, నాలుగేళ్ళు, జువ్వలదిన్నె. రక్తస్రావం లేదు. నా దస్తూరీయే. దాని కింద రాశాను: ఎడమ పాదంలో నాడి లేదు. కాలు అర అంగుళం పొట్టి. నొక్కినది సామ్రాజ్యం. హెబ్రోను గారు అటుగా వెళుతూ చూశారు, నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. సిరా ఆరాక పేజీ తిప్పి, తరువాతి పిల్ల పేరు చూశాను.